రాయి దొరికిందా? రాసెయ్యండి!

రోమన్ సామ్రాజ్యంలోని ఏదో ఒక ప్రావిన్సు చరిత్ర రాయాలని మీకు బుద్ధి పుట్టిందనుకుందాం. బ్రిటన్ కావచ్చు, ఉత్తర ఆఫ్రికా కావచ్చు, యూదయ కావచ్చు. గ్రంథాలు వెతికితే పెద్దగా ఏమీ దొరకదు. టాసిటస్ వంటి మహానుభావులు రోమ్‌లో కూర్చుని రోమ్ గొడవలే రాసుకున్నారు. ఎక్కడో తిరుగుబాటు లేస్తేనో, సొంత మామగారు గవర్నరుగా వెళ్తేనో తప్ప అటు తల తిప్పలేదు. కనక మీకు రాళ్లే గతి. సమాధి రాళ్లు, బలిపీఠాలు, గుడి ముఖద్వారాల మీది పలకలు, మైలురాళ్లు. వాటికి కొదవ లేదు. బెర్లిన్ అకాడమీ 1853లో తలపెట్టిన లాటిన్ శాసన సంపుటాల్లోనే లక్షా ఎనభై వేల దాకా ఉన్నాయి.

ఆ సంఖ్య చూసి బెంబేలు పడకండి. ఈ పనిని కావాలని కష్టం చేసుకున్నవాళ్లు కొందరున్నారు. ఆ సంపుటాలకు మూలపురుషుడు తియోడోర్ మామ్సెన్ అలాంటివాడే. కళ్లారా చూడని రాయిని అచ్చు వెయ్యకూడదని నియమం పెట్టి, ఒక తరం కుర్రవాళ్లను యూరప్ అంతా తిప్పాడు. తన రోమ్ చరిత్రలో నాలుగో సంపుటం ఎన్నడూ రాయలేదు గాని, అయిదోది మాత్రం ప్రావిన్సుల గురించి 1885లో తెచ్చాడు. దానికి ప్రాణం ఈ రాళ్లే. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి కూడా ఇచ్చారు. మీకు నోబెల్ మీద ఆశ లేదు, వచ్చే సంక్రాంతికల్లా పుస్తకం బజార్లోకి రావాలి, అంతే కదా? అయితే నేను చెప్పినట్టు చెయ్యండి.

అన్నిటికన్నా ముందు, రాయి దగ్గరికి వెళ్లకండి. వెళ్తే పక్కనుంచి లైటు పట్టి చూడాలనిపిస్తుంది. తడి కాగితం అద్ది నకలు తీయాలనిపిస్తుంది. అరిగిపోయిన గీత ఒకటి కనబడి, అది అక్షరమా గునపం దెబ్బా అని నెలల తరబడి నిద్ర పట్టదు. హాయిగా అచ్చయిన పాఠం తీసుకోండి. అందులో చదరపు కుండలీకరణాలు, గుండ్రటి కుండలీకరణాలు, అక్షరాల కింద చుక్కలు కనిపిస్తాయి. 1931లో లైడెన్‌లో పండితులు కూడి చేసుకున్న ఏర్పాటు అది. చదరపువాటిలో ఉన్నది రాతి మీద పోయింది, సంపాదకుడు ఊహించి పెట్టింది. గుండ్రటివాటిలో ఉన్నది చెక్కినవాడు పొడి అక్షరాలుగా వదిలేస్తే విప్పి రాసింది. కింద చుక్క ఉంటే అనుమానం. ఇవన్నీ పేజీకి అందం చెడగొడతాయి. మొత్తం తీసేసి శుభ్రంగా టైపు చేయించండి. ఏది రాయి మాటో, ఏది ప్రొఫెసరు మాటో పాఠకుడికి తెలియాల్సిన పనేముంది?

ఈ పద్ధతి ఎంత ఫలవంతమో చిచెస్టర్ రాయి చూస్తే తెలుస్తుంది. ఇంగ్లండ్ దక్షిణాన ఉన్న ఆ ఊళ్లో 1723లో తవ్వకంలో ఒక పలక బయటపడింది. ముక్కలైంది, ఎడమ వైపు కొంత లేనే లేదు. మిగిలినదాన్ని బట్టి విషయం ఇదీ. నెప్ట్యూన్‌కూ మినర్వాకూ చేతిపనివాళ్ల సంఘం ఒకటి గుడి కట్టించింది. అనుమతిచ్చినవాడు టైబీరియస్ క్లాడియస్ కాగిడబ్నస్ అనే స్థానిక రాజు. టాసిటస్ కూడా ఈయన్ని ఒక్క వాక్యంలో తలుచుకున్నాడు, కొన్ని తెగల ప్రాంతాలు అతనికి అప్పగించారనీ, చాలాకాలం విశ్వాసంగా ఉన్నాడనీ. సరిగ్గా రాజు పేరు తర్వాత బిరుదు దగ్గరే రాయి దెబ్బతింది. ఆ చోట పండితులు "రాజు, బ్రిటన్‌లో చక్రవర్తి లెగాటస్" అని చదివారు. లెగాటస్ అంటే సెనేటు సభ్యులకు దక్కే పదవి. సామంత రాజు ఒకడు ఆ పదవి చేసినట్టు సామ్రాజ్యం మొత్తంలో మరో దాఖలా లేదు. అయితేనేం, దాఖలా లేకపోవడమే విశేషం అనుకున్నారు. రోమ్ ఇక్కడ ఎంత అపూర్వమైన పాలనా విధానం అవలంబించిందో చూడండని వ్యాసాలు రాశారు, పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కించారు.

అలా 250 ఏళ్లు గడిచాయి. 1979లో బోగర్స్ అనే డచ్ పండితుడు ఆ పగులు చుట్టూ మిగిలిన గీతల్ని మళ్లీ పరీక్షగా చూశాడు. అక్కడ లెగాటస్ లేడు, "మహారాజు" అని ఉందన్నాడు. అంటే బ్రిటన్ల మహారాజు. తూర్పు దేశాల్లో రోమ్ చెప్పుచేతల్లో ఉన్న రాజులు పెట్టుకున్న బిరుదే. దాంతో అపూర్వమైన పాలనా విధానం కాస్తా చప్పబడింది. చూశారా, రాయిని మళ్లీ చూస్తే వచ్చే నష్టం!

అదే రాతిలో మరో నిధి ఉంది. గుడికి స్థలం ఇచ్చిన దాత పేరులో చివరి ముక్క మాత్రం మిగిలింది, తండ్రి పేరు పుడెంటినస్ అని ఉంది. తండ్రి పుడెంటినస్ అయితే కొడుకు పుడెన్సే అయి ఉండాలన్నారు. మార్షియల్ కవి పద్యాల్లో ఒక పుడెన్స్, అతను పెళ్లాడిన క్లాడియా అనే ఆమె ఉన్నారు. ఆ కవి మరోచోట చెప్పిన క్లాడియా అనే ఆమె బ్రిటన్ జాతి మనిషి. తిమోతికి రాసిన రెండో పత్రికలో పౌలు చివర పంపిన వందనాల్లోనూ పుడెన్స్, క్లాడియా అనే పేర్లు వస్తాయి. అందరూ ఒకే దంపతులు! రాతి మీద నాలుగైదు అక్షరాలతో మొదలుపెట్టి, బ్రిటన్‌లో క్రైస్తవం అపొస్తలుల కాలంనాటిదని చెప్పేదాకా వెళ్లినవాళ్లు పందొమ్మిదో శతాబ్దంలో ఉన్నారు. అంత సాహసం మీకు కొంచెం కొంచెంగా అలవడుతుంది, కంగారు లేదు.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఖాళీ పూరించడానికి పద్ధతి ఉంటుందని వాదించేవాళ్లు యూదయలోని సిజేరియా రాయిని తెచ్చి మీ ముందు పెడతారు. 1961లో ఆంటోనియో ఫ్రోవా నాయకత్వంలో ఇటలీ బృందం అక్కడి నాటకశాల తవ్వుతుంటే, ఎప్పుడో మరమ్మతుల్లో మెట్టుగా వాడేసిన రాయి ఒకటి దొరికింది. ఎడమ భాగం చెక్కుకుపోయింది. మిగిలినదాంట్లో "పిలాతుస్" అని పూర్తిగా ఉంది, కింద "-ఎక్టుస్" అనే తోక, పక్కన యూదయ. క్రీస్తుకు శిక్ష వేసిన పొంతి పిలాతును టాసిటస్ ప్రొక్యురేటర్ అన్నాడు. ఆ తోక మాత్రం ప్రిఫెక్టుకే అతుకుతుంది, ప్రొక్యురేటరుకు అతకదు. కాబట్టి ఆ రోజుల్లో యూదయను ఏలినవాడి హోదా ప్రిఫెక్టు, అంటే సైన్యాధికారపు వాసన ఉన్న పదవి. టాసిటస్ తన కాలం నాటి పేరును వెనక్కి అంటించాడు. ఇలా మిగిలిన అక్షరాలు ఒప్పుకున్నంత మేరకే పూరించడం, సాటి రాళ్లతో పోల్చి చూసుకోవడం పిరికివాళ్ల లక్షణం.

రాయీ గ్రంథమూ కొట్టుకున్నప్పుడు గ్రంథం వైపే ఉండండి. పెద్దల మాట కాదనకూడదు. ఉత్తర ఇంగ్లండ్‌ను అడ్డంగా కోసే రాతి గోడను ఇప్పుడందరూ హేడ్రియన్ గోడ అంటున్నారు గాని, పాత పండితుల్లో ఎక్కువమందికి అది సెవెరస్ గోడే. పాత చరిత్రకారులు సెవెరస్ చక్రవర్తి కట్టాడన్నారు మరి. గోడ పొడవునా ఉన్న చిన్న కోటల దగ్గర హేడ్రియన్ చక్రవర్తి పేరు, ఆయన గవర్నరు ప్లటోరియస్ నెపోస్ పేరు, కట్టిన రెండో అగస్టా లీజియన్ అనే సైనిక దళం పేరు వరసగా చెక్కిన పలకలు దొరుకుతూనే ఉన్నా ఆ మాట చాలాకాలం చెలామణి అయింది. 1840లో జాన్ హాడ్జ్‌సన్ అనే పల్లెటూరి పాదిరీ ఆ పలకలన్నీ ముందేసుకుని, గోడ హేడ్రియన్‌దేనని వాదించాడు. దాన్ని కూడా పెద్ద పుస్తకంలో ఒక సుదీర్ఘమైన అధోజ్ఞాపికలో దాచిపెట్టాడు. అలాంటి చోట దాక్కున్న సంగతిని మీరు మాత్రం ఎందుకు చదవాలి?

ఇక రాయి దొరికిన చోటు. రాయి ఎక్కడ దొరికితే కథ అక్కడే జరిగిందని రాయండి. రాయికి కాళ్లున్నాయా? వాయవ్య ఇంగ్లండ్‌లో సముద్రం ఒడ్డున మేరీపోర్ట్ అనే ఊరుంది. 1870లో అక్కడ గుంటల్లో 17 బలిపీఠాలు దొరికాయి. చాలావాటి మీద జూపిటర్ దేవుడికి, స్థానిక కోహోర్ట్ దళం అధిపతి మొక్కు. దానికి ఎంత ముచ్చటైన వివరణ ఇచ్చారో వినండి. ఏటా చక్రవర్తి పేరిట కొత్త మొక్కు మొక్కుకునేవారట. కవాతు మైదానం అంచున కొత్త పీఠం నిలబెట్టి, పాతదాన్ని భక్తితో భూస్థాపితం చేసేవారట. దశాబ్దాల పాటు రోమన్ సైన్యం మతం గురించి రాసిన పుస్తకాల్లో ఈ ఉత్సవం కన్నులపండువగా సాగింది. 2011లో మొదలైన కొత్త తవ్వకాల్లో ఆ గుంటల్నే మళ్లీ తెరిచారు. అవి పెద్ద పెద్ద కలప స్తంభాలు పాతిన గుంటలని తేలింది. స్తంభం కదలకుండా చుట్టూ కూరిన రాళ్లే మన బలిపీఠాలు. ఎవరో తర్వాతి కాలంలో పెద్ద కట్టడం లేపుతూ, అందుబాటులో ఉన్న బరువైన రాళ్లు తెచ్చి కొట్టేశారు. భక్తి లేదు, ఉత్సవం లేదు, మేస్త్రీ తొందర ఒక్కటే ఉంది. తవ్వకానికి డబ్బిచ్చేవాళ్లు లేకపోతే ఎంత బాగుండేది!

దీనికి తోడు కోల్చెస్టర్ ఆశ్వికుడి రాయి. లాంజినస్ స్డపెజె అనే థ్రేస్ దేశపు సైనికుడు, గుర్రం మీద, కాళ్ల కింద ముడుచుకుపోయిన శత్రువు. 1928లో దొరికినప్పుడు గుర్రపు రౌతుకు ముఖం లేదు. వెంటనే చరిత్ర తయారైంది. క్రీ.శ. 60-61లో బౌడికా రాణి తిరుగుబాటులో కోల్చెస్టర్ తగలబడింది కదా, కసి మీదున్న బ్రిటన్లే ఈ రోమన్ సైనికుడి ముఖం పగలగొట్టారు! వలస పాలన మీద జనాగ్రహానికి ఇంతకన్నా సాక్ష్యం ఏముంటుంది? మ్యూజియంలో దాని ముందు నిలబడి ఎందరు టీచర్లు ఎందరు పిల్లలకు ఈ కథ చెప్పి ఉంటారో. 1996లో అదే చోట మళ్లీ తవ్వితే ముఖం దొరికింది. రాయి బోర్లా పడి ఉన్న చోటే, మట్టిలో. తిరుగుబాటుదారుల కన్నా 1928 నాటి కూలీల పలుగు మీదే ఇప్పుడు అనుమానం ఎక్కువ. మీరైతే ముఖం లేని పాత ఫొటోనే వాడండి, అట్ట మీద బాగుంటుంది.

ఉత్తర ఇంగ్లండ్‌లోని హెక్సమ్ చర్చి నేలమాళిగ గురించి కూడా ఒక ముక్క. ఏడో శతాబ్దంలో విల్‌ఫ్రిడ్ అనే బిషప్పు కట్టించిన ఆ మాళిగంతా రోమన్ రాళ్లే, దగ్గర్లోని కోర్‌బ్రిడ్జ్ శిథిలాల నుంచి లాక్కొచ్చినవి. లోపల ఒక రాతి మీద సెవెరస్ చక్రవర్తి, ఆయన కొడుకుల పేర్లు ఉన్నాయి. కనక సెవెరస్ హెక్సమ్ చర్చికి విరాళం ఇచ్చాడని రాయడానికి మీకేమీ అడ్డు లేదు.

ఆ రాతి మీదే మరొకటి గమనించాలి, గమనించి వదిలెయ్యాలి. చిన్న కొడుకు గేటా పేరున్న చోట ఉలితో గీకేశారు. అన్న కరకల్లా తమ్ముణ్ని చంపించి, అతని పేరు ఎక్కడా కనబడకూడదన్నాడు. బ్రిటన్ మొదలుకొని ఈజిప్టు దాకా ఆజ్ఞ పాటించారు. ఇలాంటి చోట్ల మీరు "రాయి శిథిలం, పాఠం అస్పష్టం" అని రాసేసి ముందుకు పదండి. శిథిలం ఎప్పుడూ ఒక మనిషి పేరు మీదే అంత పొందికగా ఎలా పడుతుందని అడిగితే, వాతావరణం అనండి.

అల్జీరియాలోని లాంబేసిస్‌కు వెళ్తే ఈ వాతావరణం మరీ విచిత్రం. అక్కడ మూడో అగస్టా లీజియన్ మకాం. 238లో ఆఫ్రికా పెద్దలు గోర్డియన్ తండ్రీకొడుకులను చక్రవర్తులుగా ప్రకటిస్తే ఈ లీజియన్ వాళ్లను అణిచేసింది. ఆ తర్వాత రోమ్‌లో అదే వంశపు కుర్రాడు మూడో గోర్డియన్ గద్దెనెక్కాడు. లీజియన్‌ను రద్దు చేశాడు. రాళ్ల మీద దాని పేరు గీకేశారు. 253లో వలేరియన్ లీజియన్‌ను మళ్లీ నిలబెట్టాడు. ఇప్పుడేం చెయ్యాలి? గీకేసిన పల్లపు చోట్లలోనే చాలా రాళ్ల మీద మళ్లీ అదే పేరు చెక్కారు. చెక్కడం, గీకడం, మళ్లీ చెక్కడం, మూడు ప్రభుత్వాలు ఒకే గజం రాతి మీద. నాకు తెలిసి రోమన్ ప్రావిన్సు రాజకీయాన్ని ఇంత కళ్లకు కట్టించేది గ్రంథాల్లో లేదు. కాని మీ పుస్తకంలో ఫొటోలకు చోటు లేదంటున్నారు కదా, పోనివ్వండి.

దళాల పేర్ల విషయంలో రాతి మాట అక్షరాలా నమ్మాలి. హేడ్రియన్ గోడ మీది హౌస్‌స్టెడ్స్ కోటలో బలిపీఠాల మీద "మొదటి టుంగ్రియన్ కోహోర్ట్" అని ఉంటుంది. టుంగ్రీలు అంటే ఇప్పటి బెల్జియంలోని టోంగెరెన్ వైపు తెగ. కనక కోటలో వెయ్యిమంది బెల్జియం మనుషులున్నారని రాయండి. తరాల కొద్దీ బ్రిటన్‌లో మకాం పెట్టిన దళంలో కుర్రవాళ్లను ఎక్కణ్నుంచి చేర్చుకున్నారన్న ప్రశ్న వద్దు. వెయ్యిమంది అన్నది కూడా పక్కాగా ఉంచండి. అదే గోడకు దగ్గర్లోని విండోలాండా కోటలో 1973 నుంచి దొరుకుతున్న చెక్క పలకల జోలికి పోకండి. సిరాతో రాసిన చిల్లర కాగితాల్లాంటివి, రాళ్లతో సమానమా? వాటిలో ఇదే దళం హాజరు పట్టీ ఒకటుంది, ఒకటో శతాబ్దం చివరిది. మే 18న పట్టీలో ఉన్నవాళ్లు 752 మంది. కోటలో లేనివాళ్లు 456 మంది, అందులో 337 మంది కోరియా అనే చోట. ఉన్నవాళ్లలో 15 మందికి జబ్బు, ఆరుగురికి గాయాలు, పదిమందికి కళ్లకలక. బలిపీఠం మీద ఠీవిగా చెక్కిన "కోహోర్ట్" అసలు మనుషులుగా లెక్కేస్తే ఇలా ఉంటుంది. ఇంత అవమానకరమైన పత్రాన్ని చెక్క మీద రాయబట్టే సరిపోయింది.

దళం పేరు రాళ్ల మీద కనబడకుండా పోతే ఇంకా మంచిది. మౌనానికి ఏ అర్థమైనా చెప్పుకోవచ్చు. తొమ్మిదో హిస్పానా లీజియన్ యార్క్‌లో ద్వారం కట్టిన పలక ట్రాజన్ కాలానిది, 107-108 నాటిది. ఆ తర్వాత బ్రిటన్‌లో దాని పేరు చెక్కిన రాయి ఇంకా బయటపడలేదు. 160ల నాటికి లీజియన్లన్నిటినీ పేర్కొన్న రోమ్ స్తంభశాసనంలోనూ లేదు. సరే, స్కాట్లండ్ పొగమంచులో మొత్తం లీజియన్ మాయమైందని రాసెయ్యండి. 1954లో రోజ్‌మేరీ సట్‌క్లిఫ్ నవల కూడా ఆ మాయం మీదే నడుస్తుంది, నవలకు పనికొచ్చింది చరిత్రకు పనికిరాదా? నెదర్లాండ్స్‌లోని నైమెగన్ దగ్గర ఆ లీజియన్ ముద్ర ఉన్న పెంకులు దొరికాయని ఎవరైనా అంటే, పెంకు రాయి కాదని గుర్తుచెయ్యండి.

ఇప్పుడు సమాధులు. మన గుడి గోడల శాసనాల మీద పెరిగిన చూపుకు ఇది కొత్తగా ఉంటుంది. మనకు శాసనం అనగానే దానం, ఎల్లలు, సాక్షులు, ధర్మం తప్పినవాడికి శాపం. లాటిన్ రాళ్లలో అధిక భాగం మాత్రం చనిపోయినవాళ్లవే. పేరు, వయసు, ఎవరు పెట్టించారు, అంతే. వయసు ఉంది కాబట్టి సగటు ఆయుర్దాయం కట్టెయ్యవచ్చు. అన్ని వయసులూ కూడండి, రాళ్ల సంఖ్యతో భాగించండి, వచ్చింది ప్రావిన్సు ఆయుర్దాయం. ముప్ఫై, నలభై, యాభై అని అయిదుతో తెగే వయసులే మితిమీరి వస్తాయేమిటని కంగారు పడకండి. రోమన్లు సరిగ్గా పుట్టినరోజు చూసుకుని చనిపోయేవారని అనుకోవచ్చు. ఉత్తర ఆఫ్రికా రాళ్లలో నూరేళ్లు దాటినవాళ్లు కోకొల్లలు, ఎడారి గాలి మహిమ. పసిబిడ్డల రాళ్లు చాలా తక్కువ కనక శిశు మరణాలు లేనట్టే లెక్క. కీత్ హాప్కిన్స్ 1966లో దీని మీద నీళ్లు చల్లాడు. రాయి చెప్పేది ఎవరు ఎప్పుడు చచ్చిపోయారన్నది కాదట, ఏ వయసులో పోయినవాళ్లకు రాయి పెట్టే ఆచారం ఉందన్నదట. తల్లి, భార్య, సైనికుడు, వీళ్లకు పెడతారు. పొలంలో పనిచేసే బానిసకు, నెలల పసికందుకు పెట్టరు. ఈ సంగతి అర్థమైతే మీ పట్టిక అంతా చింపాలి, అందుకే అర్థం చేసుకోకూడదు.

సమాధి రాళ్లలో నవల కూడా ఉంది. సౌత్ షీల్డ్స్‌లో 1878లో రెజినా రాయి దొరికింది. కుర్చీలో కూర్చున్న స్త్రీ, చేతిలో కదురు, పక్కన ఉన్ని బుట్ట, ముఖం మాత్రం లేదు. వయసు ముప్ఫై, చూడండి మళ్లీ అయిదు. కట్యువెలౌనీ తెగ మనిషి, అంటే దక్షిణ బ్రిటన్. రాయి పెట్టించినవాడు సిరియాలోని పాల్మైరాకు చెందిన బరాటెస్. ఆమె ఒకప్పుడు అతని బానిస, విడుదల చేసి పెళ్లాడాడు. కొన్నేళ్ల కిందట మీరు చదివిన ప్రతి వ్యాసంలోనూ ఇదొక ప్రేమకథే అయి ఉంటుంది. అలాగే కానివ్వండి. స్వేచ్ఛ ఎవరి చేతిలో ఉందో, కాదనే వీలు ఆమెకు ఎంత ఉందో రాయి చెప్పదు కదా, చెప్పనిదాన్ని లేనిదిగా తీసుకోవడం మన పద్ధతి. ఇక కోర్‌బ్రిడ్జ్‌లో మరో రాయి ఉంది, 68 ఏళ్ల పాల్మైరా మనిషిది. పేరులో మొదటి అక్షరాలు పోయాయి, "-రాతెస్" మిగిలింది. తెచ్చి జోడించండి. భార్య పోయాక ఒంటరిగా ముసలితనం గడిపిన బరాటెస్. సినిమాకు సరిపోతుంది.

ఇద్దరూ ఒకరే కావచ్చు కూడా, అది నిజమే. కాని మీరు "కావచ్చు" అన్న మాట ఎక్కడా వాడకూడదు. వాడితే పుస్తకం బరువు తగ్గుతుంది.

రెజినా రాతి మీద లాటిన్ పంక్తుల కింద మరో పంక్తి ఉంది, పాల్మైరా లిపిలో. "బరాటెస్ విడుదల చేసిన రెజినా, అయ్యో" అని. లాటిన్ భాగంలో వ్యాకరణం కుంటుతుంటే ఈ పంక్తి మాత్రం చెయ్యి తిరిగినవాడు చెక్కినట్టు ఉంటుంది. ఉత్తర సరిహద్దు కోట పక్కన దాన్ని చదవగలిగినవాళ్లు ఎంతమంది ఉంటారు? అయినా చెక్కించాడు. మీరు దీన్ని పట్టించుకోకండి. లాటిన్ ఒక్కటే చదివితే ప్రావిన్సులన్నీ చకచకా రోమన్ అయిపోయాయని నిరూపించడం సులభం. లిబియాలోని లెప్టిస్ మాగ్నాలో కూడా అంతే. క్రీ.శ. 1-2లో అక్కడ నాటకశాల కట్టించిన పెద్దమనిషి పేరు అన్నోబల్ టపాపియస్ రూఫస్. చివర రూఫస్ అచ్చమైన రోమన్ పేరు, దాన్నే పట్టుకోండి. మొదట ఉన్న అన్నోబల్ అంటే మన హానిబాలే, ఏ హానిబాల్ పేరు చెబితే రోమ్ పిల్లలు జడుసుకునేవారో ఆ పేరే. అగస్టస్‌ను లాటిన్‌లో పొగిడి, తన గొప్ప నవ్యప్యూనిక్ భాషలో మళ్లీ చెప్పుకుని, పాత కార్తేజీ పద్ధతి సుఫెటే పదవిని సగర్వంగా రాయించుకున్నాడు. చక్రవర్తికి దండం పెడుతూనే తాతల పేరు వదలని ఈ మనిషిని మీ పట్టికలో "రోమన్ అయినవాడు", "కానివాడు" అనే రెండు గళ్లలో ఏదో ఒకదాంట్లో కుక్కాలి. కుక్కండి.

లెక్కలంటే ఇష్టమైతే రాళ్ల సంఖ్యకు గీత గీయండి. రెండో శతాబ్దంలో పెరుగుతూ పోయి, సెవెరస్ వంశం కాలంలో శిఖరానికెక్కి, మూడో శతాబ్దంలో ధడాలున పడుతుంది. పడిన చోట "సామ్రాజ్య పతనం" అని రాసేయండి. రామ్సే మాక్‌మలెన్ 1982లో ఇది జనాభా గీత కాదని, రాయించుకునే అలవాటు గీత అని వ్యాసం రాశాడు. జనం ఉన్నారు, డబ్బూ ఉంది, రాతి మీద తమ పేరు చూసుకునే సరదా పోయింది. అదే పద్ధతిలో బ్రిటన్ పటం మీద రాళ్లు ఎక్కడెక్కడ దొరికాయో చుక్కలు పెడితే, ఉత్తరాన సైనిక కోటల చుట్టూ చిక్కగా, దక్షిణాన వ్యవసాయ భూముల్లో పలచగా వస్తాయి. దక్షిణంలో మనుషులు లేరని తేల్చండి. విల్లాలు, పొలాలు, కుండపెంకులు పురావస్తువాళ్ల తలనొప్పి.

అక్షరాలే లేని చోట రంధ్రాలతో నడిపించేవాళ్లను మాత్రం దగ్గరికి రానివ్వకండి. ఫ్రాన్స్‌లోని నీమ్ ఊళ్లో మెజో కారే అనే గుడి ముఖం మీద కంచు అక్షరాలు ఏనాడో ఊడిపోయాయి, వాటిని బిగించిన చిల్లులు మిగిలాయి. 1758లో సెగ్యే అనే స్థానిక పండితుడు చిల్లుల వరసను కొలిచి, ఏ అక్షరానికి ఎన్ని మేకులు ఎక్కడ పడతాయో పోల్చుకుని, అగస్టస్ దత్తపుత్రులు గైయస్, లూసియస్‌ల పేర్లు చదివాడు. ఉన్న అక్షరాల్నే చదవడానికి బద్ధకించే మనకు లేని అక్షరాల్ని చదివేవాళ్ల స్నేహం మంచిది కాదు.

దొంగ రాళ్ల విషయంలో ఉదారంగా ఉండండి. పదహారో శతాబ్దంలో పిరో లిగోరియో అనే నేపుల్స్ పండితుడు శాసనాల్ని వందలకొద్దీ సొంతంగా తయారుచేశాడు. బెర్లిన్ సంపుటాలవాళ్లు అలాంటివాటిని ఏరి, అంకె పక్కన నక్షత్రం గుర్తు పెట్టి వేరే వరసలో వేశారు. ఆ నక్షత్రాన్ని అచ్చుతప్పు అనుకుని అసలువాటిలో కలిపేసుకోండి, మీ వాదానికి ఏ రాయి కావాలో సరిగ్గా ఆ రాయే అక్కడ దొరుకుతుంది.

చివరగా, పుస్తకం అచ్చు ముగిశాక కొత్త రాయి బయటపడితే ఏం చెయ్యాలి? 1992లో దక్షిణ జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో ఇదే జరిగింది. ఒక పెద్ద విజయపీఠం దొరికింది. సెవెరస్ అలెగ్జాండర్ కాలపు పాత పీఠాన్నే మళ్లీ చెక్కి వాడారు. 260 ఏప్రిల్ 24, 25 తేదీల్లో సెమ్నోన్లు, అంటే జుతుంగీలు అనే తెగవాళ్లు, ఇటలీ నుంచి వేలాది బందీల్ని తోలుకుపోతుంటే రీషియా ప్రావిన్సు సైనికులూ, జర్మనీ దళాలూ, ఊళ్ల జనమూ కలిసి వాళ్లను చిత్తుచేసి బందీల్ని విడిపించారని దాని మీద ఉంది. పీఠం పెట్టించినవాడు గవర్నరు పని చూస్తున్న సింప్లిసినియస్ జెనియాలిస్. కాలం చెప్పడానికి వాడిన కాన్సుల్ పేరు పోస్ట్యుమస్, అంటే రోమ్ మీద తిరగబడి గాల్ ప్రాంతంలో సొంత చక్రవర్తిత్వం పెట్టుకున్నవాడు. తర్వాత ఎవరో అతని పేరు, జెనియాలిస్ పేరు గీకేశారు కూడా. దీంతో రీషియా ఒకప్పుడు పోస్ట్యుమస్ పక్షాన ఉందని, ఆ తిరుగుబాటు 260లోనే మొదలైందని, ఎవరికీ తెలియని యుద్ధం ఒకటి జరిగిందని ఒక్క దెబ్బలో తేలింది. ఆ ప్రావిన్సు మీద అంతకుముందు రాసిన పుస్తకాల్లో ఆ పేజీలన్నీ మార్చుకోవాల్సి వచ్చింది.

మీరు మాత్రం ఒక్క పేజీ కూడా మార్చకండి. రెండో ముద్రణ ముందుమాటలో ఒక వాక్యం చేరిస్తే చాలు: "ఇటీవల వెలుగులోకి వచ్చిన ఒక శిలాశాసనం మా సిద్ధాంతాన్ని మరింత బలపరుస్తున్నందుకు సంతోషిస్తున్నాము."